గుండె యంత్రంపై శిలీంధ్రం: ఒక చికిత్స చరిత్ర

1958 అక్టోబరు 8న స్టాక్‌హోం నగరంలో ఓకే సెన్నింగ్ అనే శస్త్రవైద్యుడు, ఇంజనీరు రూనే ఎల్మ్‌క్విస్ట్ రూపొందించిన పేస్‌మేకర్‌ను ఆర్నే లార్సన్ అనే రోగి శరీరంలో అమర్చారు. అది కొన్ని గంటలే పనిచేసింది. అయినా ఇరవైకి పైగా యంత్రాలు మార్చుకుంటూ లార్సన్ 2001 వరకు జీవించారు. గుండెకు యంత్రం ఊతమివ్వగలదని లోకానికి రుజువైంది. ఆ యంత్రమే సూక్ష్మజీవులకు ఆశ్రయమూ కాగలదని క్రమంగా తెలిసివచ్చింది.

ఈ యంత్రాలకు సోకేవి ఎక్కువగా బాక్టీరియాలే. శిలీంధ్రాలు, ముఖ్యంగా కాండిడా, అరుదు. కాని సోకితే ప్రాణాంతకం. దీర్ఘకాలం సిరలలో గొట్టాలు ఉన్నవారికి, డయాలిసిస్ రోగులకు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారికి ముప్పు అధికం.

1950లో ఎలిజబెత్ హేజెన్, రేచల్ బ్రౌన్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు నిస్టాటిన్‌ను ప్రకటించారు. అయితే అది రక్తంలోకి ఎక్కించదగినది కాదు. అదే దశకంలో వెనిజులాలోని ఒరినోకో నదీ ప్రాంతపు మట్టినుండి ఆంఫోటెరిసిన్-బి లభించింది. లోతైన శిలీంధ్ర వ్యాధులకు చిరకాలం అదే ప్రధానాయుధం. చలిజ్వరం రప్పించేది, మూత్రపిండాలను దెబ్బతీసేది. 1990లో ఫ్లూకొనజోల్‌కు, 2001లో కాస్పోఫంజిన్‌కు అమెరికాలో అనుమతి లభించింది. ఈ మధ్యకాలంలోనే కొవ్వు కణికలలో పొదిగిన ఆంఫోటెరిసిన్ వచ్చి మూత్రపిండాలకు కొంత రక్షణ కల్పించింది.

ఇన్ని మందులున్నా యంత్రాన్ని ఎందుకు తొలగించాలి? కాండిడా దాని ఉపరితలంపై జిగురువంటి పొర కట్టుకొని అందులో దాగుతుంది. పలు మందులు ఆ పొరలోని శిలీంధ్రాన్ని నిర్మూలించలేవు. అందుకే అమెరికా అంటువ్యాధి నిపుణుల సంఘం 2016 మార్గదర్శకాలు పేస్‌మేకర్‌ను తీగలతో సహా తీసివేయమన్నాయి. వ్యాధి చర్మం కింది సంచికే పరిమితమైతే తొలగింపు తరువాత నాలుగు వారాలు, తీగలకూ పాకితే కనీసం ఆరు వారాలు మందులు వాడాలి.

ఏళ్ల తరబడి సిరల గోడలకు అతుక్కున్న తీగను లాగితే సిరగాని గుండెగాని చిరగవచ్చు. 1997లో అమెరికాలో ఆమోదం పొందిన లేజర్ తొడుగు ఈ పనిని సులభతరం చేసింది గాని ప్రమాదాన్ని పూర్తిగా తొలగించలేదు. వృద్ధులకు, బలహీనులకు శస్త్రచికిత్సా భయమే, యంత్రాన్ని ఉంచడమూ భయమే. రక్తాన్ని పంపు చేసే సహాయక యంత్రాన్ని తీయలేనప్పుడు, అది శరీరంలో ఉన్నంతకాలం శిలీంధ్రాన్ని అణచి ఉంచే మందు కొనసాగించవలసిందే.

పాఠకులకు నా మనవి ఒక్కటే. పేస్‌మేకర్ ఉన్నవారికి జ్వరం తగ్గకున్నా, యంత్రమున్న చోట ఎరుపు, వాపు, చీము కనిపించినా సొంతంగా యాంటీబయాటిక్ మింగరాదు. అక్కడ సూది గుచ్చి చీము తీయించుకోరాదు. వెంటనే హృద్రోగ నిపుణుని దర్శించి, మందుకు ముందే రక్తం కల్చర్ పరీక్షకు ఇవ్వాలి. శత్రువు ఎవరో తెలిశాకే సరైన ఆయుధం ఎన్నుకోగలం.