బడికి ముందు బడి: అంగన్‌వాడీ, ఎల్‌కేజీ, మక్తబ్

మూడేళ్లు నిండకముందే ఎల్‌కేజీ సీటు కోసం తిరగడం ఇప్పుడు మెదక్ లాంటి పట్టణాల్లోనూ మామూలైపోయింది. పుట్టినప్పటి నుంచి ఎనిమిదేళ్ల దాకా పిల్లలకు కావాల్సిన పెంపకం, చదువు రెండింటినీ కలిపి పూర్వ బాల్య సంరక్షణ, విద్య అంటుంది యునెస్కో. ఇందులో సంరక్షణ అనే మాటే ముందొస్తుంది. తిండి, టీకా, నిద్ర, ఆట, మాట అన్నీ అందులోవే.

జర్మనీలో ఫ్రోబెల్ 1837లో చిన్నపిల్లల ఆటల బడి తెరిచి, 1840లో దానికి కిండర్‌గార్టెన్, అంటే పిల్లల తోట, అని పేరు పెట్టాడు. 1907లో రోమ్‌లోని ఒక పేదల వాడలో డాక్టర్ మరియా మాంటిస్సోరి శిశు గృహం మొదలుపెట్టింది. 1939లో మద్రాసు వచ్చిన ఆమె, యుద్ధం వల్ల 1946 దాకా ఇండియాలోనే ఉండిపోయింది. ఆమె పేరుతో బోర్డున్న ప్రతి స్కూలూ ఆమె పద్ధతిలోనే నడుస్తుందనుకుంటే మాత్రం పొరపాటే.

దక్కన్ ముస్లిం ఇళ్లలో దీనికి పాత ఆచారమొకటి ఉంది. నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులకు బిస్మిల్లా చేయించి, ఆ తర్వాత కాయిదా పట్టిస్తారు. అంతదాకా నేర్పేది దాదీ, నానీల కథలే.

సర్కారు వైపు నుంచి ఉన్నది అంగన్‌వాడీ. ఐసీడీఎస్ పథకం 1975 అక్టోబర్ 2న దేశంలోని 33 బ్లాకుల్లో మొదలైంది. తెలంగాణలో 7 నెలల నుంచి 3 ఏళ్ల పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం, 16 గుడ్లు ఇస్తారు. బాలామృతం గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనెతో చేసే పిండి. అందులో మాంసం లేదు, హలాల్ విషయంలో సందేహం అక్కర్లేదు. 3 నుంచి 6 ఏళ్ల వాళ్లకు కేంద్రంలోనే వేడి భోజనం, గుడ్డు, ఆటపాటలు. గర్భిణులకు, బాలింతలకు 2015 నుంచి ఆరోగ్య లక్ష్మి కింద ఒక పూట భోజనం, గుడ్డు, 200 మి.లీ. పాలు.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 2013 ఆహార భద్రత చట్టం వల్ల ఆరేళ్లలోపు పిల్లల తిండి హక్కయింది. చదువు హక్కు చట్టం మాత్రం ఆరేళ్ల నుంచే మొదలవుతుంది. 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకు ఉచిత చదువు ఏర్పాటు చేయొచ్చని రాష్ట్రాలకు చెప్పి ఊరుకుంది. అంటే గుడ్డు అందకపోతే హక్కుగా అడగొచ్చు, పాఠం లేకపోతే అలా అడగలేం. ప్రైవేటు ఎల్‌కేజీల గిరాకీకి ఈ సందు కూడా ఒక కారణమే.

అసలు చిక్కు భాష దగ్గర వస్తుంది. ఇంట్లో ఉర్దూ, అంగన్‌వాడీలో తెలుగు, ఎల్‌కేజీలో ఇంగ్లిష్, మక్తబ్‌లో అరబీ అక్షరాలు. మాటలుగా అయితే పిల్లలు మూడు భాషలైనా ఆడుతూ పాడుతూ పట్టేస్తారు. నాలుగేళ్ల చేతికి మూడు లిపులు ఒకేసారి రాయమంటేనే కష్టం. 2020 జాతీయ విద్యా విధానం కూడా చిన్న తరగతులు వీలైనంత వరకు ఇంటి భాషలోనే సాగాలంటోంది, ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలంటోంది.

ఫిన్లాండ్‌లో అసలు బడి ఏడేళ్లకు. దానికి ముందు ఒక ఏడాది ఆటలతో కూడిన బడి 2015 నుంచి తప్పనిసరి. ఫ్రాన్స్ 2019 నుంచి మూడేళ్లకే బడి తప్పనిసరి చేసింది. 2022లో తాష్కెంట్‌లో జరిగిన యునెస్కో సదస్సు, విద్య ఖర్చులో కనీసం 10 శాతం ఈ వయసు పిల్లల చదువుకు పెట్టాలని దేశాలను కోరింది.

అంగన్‌వాడీలో చేర్చడానికి ఫీజు లేదు, ప్రవేశ పరీక్ష లేదు. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ అయితే చేర్చే రోజే టీచర్‌కు చెప్పాలి. దాహం, బాత్రూమ్, అమ్మీ కావాలి అన్న మాటలు పిల్లాడు ఉర్దూలో ఎలా అంటాడో ఆమెకు, ఆయాకు తెలిస్తే మొదటి వారం ఏడుపు సగం తగ్గుతుంది.