రగ్బీ లీగ్: చూసేవాళ్లున్నారు, ఆడే పిల్లలేరీ?

ఇంగ్లండ్‌లో 2025 రగ్బీ లీగ్ సీజన్ మొదలైన వారంలోనే, ఫిబ్రవరి 15న, సెయింట్ హెలెన్స్ జట్టు సాల్ఫర్డ్‌ను 82-0తో చిత్తు చేసింది. సాల్ఫర్డ్ అప్పుల్లో ఉంది. జీతాల ఖర్చుపై పాలకమండలి పరిమితి పెట్టడంతో ఆ క్లబ్బు సీనియర్లను పక్కనబెట్టి కుర్రాళ్లను మైదానంలోకి దించింది. ఆరేళ్ల ముందు, 2019లో, ఇదే రెండు జట్లు గ్రాండ్ ఫైనల్‌లో తలపడ్డాయంటే ఆ రోజు స్కోరు చూసినవారికి నమ్మబుద్ధి కాలేదు.

అదే ఏడాది అక్టోబరులో దృశ్యం వేరు. ఇంగ్లండ్, ఆస్ట్రేలియా జట్ల మధ్య 2003 తర్వాత మళ్లీ జరిగిన యాషెస్ సిరీస్ (క్రికెట్‌కే కాదు, ఈ ఆటకూ యాషెస్ ఉంది) మొదటి మ్యాచ్ చూడటానికి లండన్‌లోని వెంబ్లీ స్టేడియానికి 60 వేల మందికి పైగా వచ్చారు. ఆస్ట్రేలియా 3-0తో సిరీస్ గెలుచుకుంది.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే రగ్బీ లీగ్‌కు వచ్చిన కష్టం అర్థమవుతుంది. పెద్ద మ్యాచ్ అంటే జనం ఇప్పటికీ కదులుతారు. కానీ ఆటగాడు తయారయ్యే చోట, అంటే బడిలో, వాడలో, ఊరి క్లబ్బులో, కుర్రాళ్లు పలచబడ్డారు. ఆదరణ తగ్గిందనే చర్చ ఎక్కువగా టీవీ రేటింగుల చుట్టూ, టికెట్ల చుట్టూ తిరుగుతుంది. అసలు తెగిపోయింది మాత్రం కింది మెట్టు.

ఇది ఏ రగ్బీ?

భారత్‌లో రగ్బీ పేరుతో తెలిసినది రగ్బీ యూనియన్, అందులోనూ ఏడుగురు ఆడే సెవెన్స్ రూపం. 2025లో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ ఆడింది ఆ ఆటే. రగ్బీ లీగ్ దాని నుంచి చీలి వేరుపడిన ఆట. జట్టుకు 13 మంది. బంతి పట్టుకుని పరుగెత్తేవాడిని ప్రత్యర్థులు పట్టి పడేస్తారు. కబడ్డీలో రైడర్‌ను పట్టినట్టే ఉంటుంది గానీ ఇక్కడ పట్టుబడినవాడు అవుట్ కాడు. లేచి, బంతిని నేలపై పెట్టి, కాలితో వెనక్కి తోసి ఆట కొనసాగిస్తాడు. ఇలా ఆరుసార్లు పట్టుబడేలోగా పాయింట్లు రాబట్టాలి, లేదంటే బంతి అవతలి జట్టుది. గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే 'ట్రై', దానికి 4 పాయింట్లు.

నియమాలు తేలిక, వేగం ఎక్కువ, దెబ్బలు గట్టివి. మిల్లు పని, గని పని చేసేవారు వారాంతంలో ఆడటానికీ చూడటానికీ తగ్గట్టుగా రూపుదిద్దుకున్న ఆట ఇది.

కూలి కోసం చీలిన ఆట

పుట్టుకే ఒక కూలి తగాదా. 19వ శతాబ్దం చివరలో యార్క్‌షైర్, లంకషైర్ జట్లలో ఆడేవారు చాలామంది కార్మికులు. శనివారం మ్యాచ్ ఆడాలంటే పని మానుకోవాలి, కూలి పోతుంది. పోయిన ఆ కూలిని క్లబ్బు ఇచ్చేందుకు అనుమతించాలని వారు కోరారు. లండన్‌లోని రగ్బీ పెద్దలకు అది ఆటను అమ్ముకోవడంలా కనిపించింది. 1893లో జరిగిన సమావేశంలో 282-136 ఓట్లతో ప్రతిపాదన వీగిపోయింది. పని మానినా ఇల్లు గడిచేవారు చాలా సులువుగా వేసిన ఓటది.

1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్ పట్టణంలోని జార్జ్ హోటల్‌లో ఇరవైకి పైగా ఉత్తరాది క్లబ్బులు సమావేశమై నార్తర్న్ యూనియన్ పెట్టుకున్నాయి. రోజుకు 6 షిల్లింగుల వరకు పోయిన కూలి ఇవ్వవచ్చని నిర్ణయించాయి. 1906లో ఆటగాళ్ల సంఖ్యను 15 నుంచి 13కు తగ్గించారు. 1922లో సంస్థ పేరు రగ్బీ ఫుట్‌బాల్ లీగ్‌గా మారింది. 1907-08 నాటికి ఇలాంటి చీలికే సిడ్నీలోనూ వచ్చింది.

జనం ఈ ఆటను వదిలి వెళ్లడం కూడా కొత్తేమీ కాదు. నార్తర్న్ యూనియన్ తొలి సీజన్ విజేత బ్రాడ్‌ఫర్డ్‌లోని మానింగ్‌హామ్ క్లబ్బు. అది 1903లో రగ్బీనే వదిలేసి ఫుట్‌బాల్‌కు మారిపోయింది. నేటి బ్రాడ్‌ఫర్డ్ సిటీ ఫుట్‌బాల్ క్లబ్బు అదే. అయినా మిగిలిన పట్టణాల్లో ఆట నిలదొక్కుకుంది. 1954లో బ్రాడ్‌ఫర్డ్‌లోని ఓడ్సల్ మైదానంలో హాలిఫాక్స్, వారింగ్టన్ జట్ల మధ్య చాలెంజ్ కప్ ఫైనల్ మళ్లీ ఆడించినప్పుడు లెక్కకు వచ్చిన ప్రేక్షకులే 1,02,569 మంది. 2024లో వెంబ్లీలో జరిగిన చాలెంజ్ కప్ ఫైనల్‌కు 65 వేల లోపే వచ్చారు. ఆ స్టేడియంలో 90 వేల మంది కూర్చోవచ్చు.

గని మూతపడ్డాక

వెస్ట్ యార్క్‌షైర్‌లోని ఫెదర్‌స్టోన్ చాలా చిన్న ఊరు, జనాభా 15 వేల చుట్టుపక్కల. ఆ ఊరి జట్టు 1967, 1973, 1983 సంవత్సరాల్లో చాలెంజ్ కప్ గెలిచింది. ఫార్వర్డ్ ఆటగాడు కావాలంటే గని నోటి దగ్గర నిలబడి ఈల వేస్తే చాలు, ఒకడు పైకి వస్తాడని ఆ ప్రాంతంలో ఓ మాట ఉండేది. అతిశయోక్తే కావచ్చు గానీ ఆటగాళ్ల సరఫరా ఎలా సాగేదో ఆ మాటలో ఉంది. తండ్రి, కొడుకు, మేనమామ ఒకే గనిలో పనిచేసి, ఒకే క్లబ్బుకు ఆడేవారు. తవ్విన ప్రతి టన్ను బొగ్గుపై వసూలు చేసిన నిధితో 1920ల నుంచి కార్మిక సంక్షేమ మైదానాలు, హాళ్లు వెలిశాయి. పిల్లలు ఆడింది అక్కడే.

1983 కప్పు గెలిచిన మరుసటి ఏడాదే గని కార్మికుల సమ్మె మొదలైంది. 1985లో సమ్మె ఓడిపోయాక గనులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. ఆ చుట్టుపక్కలే ఉన్న కెల్లింగ్లీ గని 2015 డిసెంబరులో మూతపడటంతో బ్రిటన్‌లో భూగర్భ బొగ్గు గనుల చరిత్ర దాదాపు ముగిసింది. గని పోతే ఉద్యోగం మాత్రమే పోదు. మైదానం నిర్వహణ పోతుంది, శిక్షణ ఇచ్చే ఫోర్‌మన్ పోతాడు, చదువుకున్న కుర్రాడు లీడ్స్‌కో మాంచెస్టర్‌కో వెళ్లిపోతాడు. శనివారం అందరికీ సెలవు అనే పద్ధతే పోతుంది. గోదాముల్లో షిఫ్టుల వారీగా పనిచేసే తరానికి వారంలో రెండు సాయంత్రాలు సాధన, ఆదివారం మ్యాచ్ అంటే కుదిరే పని కాదు.

బడి కూడా అప్పుడే చేయి వదిలింది. బ్రిటన్ ప్రభుత్వ బడుల్లో సాయంత్రాలు, శనివారాలు ఆటలు ఆడించింది జీతం లేకుండా సమయమిచ్చిన ఉపాధ్యాయులే. 1980ల మధ్యలో జీతాల వివాదం ముదిరినప్పుడు వాళ్లు ఆ అదనపు పని మానేశారు, చాలాచోట్ల అది మళ్లీ మొదలవ్వలేదు. పాఠశాలల మైదానాలు కొన్ని అమ్ముడుపోయాయి. ప్రైవేటు బడుల్లో యూనియన్‌కు ఈ దెబ్బ తగల్లేదు. వారికి సొంత మైదానాలున్నాయి, జీతం తీసుకునే కోచ్‌లున్నారు.

1996లో రూపర్ట్ మర్డోక్ టీవీ డబ్బు 8.7 కోట్ల పౌండ్లతో సూపర్ లీగ్ మొదలైంది, ఆట చలికాలం నుంచి వేసవికి మారింది. ప్రేక్షకుడికి ఎండ, పొడి మైదానం, వేగం దొరికాయి. పిల్లల లీగ్‌లూ క్రమంగా అదే బాట పట్టాయి. సరిగ్గా సీజన్ మధ్యలో ఆరు వారాల వేసవి సెలవులు వస్తాయి, కుటుంబాలు ఊళ్లు వెళ్తాయి, జట్టుకు 13 మంది పోగవడం కష్టమవుతుంది. టీవీ కోసం తీసుకున్న నిర్ణయం ఊరి క్లబ్బు మీద ఎలా పడుతుందో అప్పట్లో పెద్దగా ఎవరూ ఆలోచించినట్టు లేదు.

విగన్ కుర్రాడు ఎటు వెళ్లాడు?

వందేళ్లపాటు రగ్బీ లీగ్‌కు ఒక రక్షణ ఉండేది. యూనియన్‌లో డబ్బు తీసుకోకూడదు, లీగ్‌లో తీసుకోవచ్చు. ప్రతిభ ఉన్న పేద కుర్రాడు ఇటే వచ్చేవాడు. 1995 ఆగస్టులో యూనియన్ కూడా వృత్తి క్రీడగా మారడంతో ఆ గోడ కూలిపోయింది. ప్రవాహం తిరగబడింది.

ఆ మార్పును ఒక్క కుటుంబంలో చూడవచ్చు. విగన్ జట్టుకు, గ్రేట్ బ్రిటన్‌కు కెప్టెన్‌గా ఉన్న ఆండీ ఫారెల్ 2005లో యూనియన్‌కు మారాడు. తర్వాత ఐర్లాండ్ జాతీయ జట్టుకు, 2025లో బ్రిటిష్ అండ్ ఐరిష్ లయన్స్‌కు కోచ్ అయ్యాడు. విగన్‌లో పుట్టి చిన్నప్పుడు లీగ్ ఆడిన అతడి కొడుకు ఓవెన్ ఫారెల్ ఇంగ్లండ్ యూనియన్ జట్టుకు కెప్టెన్ అయ్యాడు. లీగ్ దృష్టితో చూస్తే ఇంటి పంట పక్కింటి గాదెకు చేరినట్టే. అంతర్జాతీయ పర్యటనలు, జీతాలు, ప్రపంచమంతా తెలిసిన పేరు అవతల ఉన్నప్పుడు పదిహేనేళ్ల కుర్రాడిని, అతడి తల్లిదండ్రులను తప్పుపట్టలేం.

పక్కనే ఉన్న పిల్లలు

ఆట నాయకత్వం మీద గట్టిగా వేయాల్సిన ప్రశ్న ఒకటుంది. బాట్లీ, డ్యూస్‌బరీ, ఓల్డమ్, బ్రాడ్‌ఫర్డ్ మిల్లుల్లో పనికి 1950, 60ల్లో దక్షిణాసియా నుంచి వేలాది మంది వచ్చారు. అంటే రగ్బీ లీగ్‌ను పుట్టించిన మిల్లుల్లోకే, ఆ వాడల్లోకే కొత్త కార్మికులు వచ్చారు. బాట్లీ 1897లో మొట్టమొదటి చాలెంజ్ కప్ గెలిచిన క్లబ్బు. దాని మౌంట్ ప్లెజంట్ మైదానం చుట్టూ ఉన్న వీధుల్లో ఈ రోజు ఎక్కువగా ఉండేది గుజరాతీ, పాకిస్థానీ మూలాలున్న కుటుంబాలే. 2021 జనగణన ప్రకారం బ్రాడ్‌ఫర్డ్ జనాభాలో పాకిస్థానీ మూలాలవారే నాలుగోవంతు. నగరంలో పిల్లలకు కొదవ లేదు. వారు ఆడేది క్రికెట్, ఫుట్‌బాల్.

ఇక్రమ్ బట్ 1995లో ఇంగ్లండ్ తరఫున ఆడాడు. రెండు రగ్బీల్లో ఏ రూపంలోనైనా ఇంగ్లండ్‌కు ఆడిన తొలి బ్రిటిష్ ఆసియా ముస్లిం ఆయనే. 2004లో బ్రిటిష్ ఏషియన్ రగ్బీ అసోసియేషన్ స్థాపించి పిల్లల్ని తీసుకురావడానికి ప్రయత్నించాడు. ఆయన దారిలో పెద్ద సంఖ్యలో ఎవరూ రాలేదు. మ్యాచ్ తర్వాత బార్ చుట్టూ తిరిగే క్లబ్బు జీవితం, దక్షిణాసియా అబ్బాయిలకు కొట్లాట ఆట చేతకాదన్న తేలిక భావం, జాతి వివక్ష భయం, ఇళ్లలో క్రికెట్ మీదున్న మమకారం అన్నీ ఇందులో కలిసే ఉన్నాయి. అయితే కబడ్డీ ఆడే కుటుంబాల పిల్లలకు ఒంటి తాకిడి ఆట కొత్త అన్న వాదనకు మాత్రం పస లేదు.

తల్లి భయం

ఇంగ్లండ్‌లోనూ ఆస్ట్రేలియాలోనూ పిల్లల్ని దూరం చేస్తున్న ఉమ్మడి కారణం తలకు తగిలే దెబ్బలు. 2019లో సిడ్నీ పరిశోధకులు ఇద్దరు మాజీ ఆటగాళ్ల మెదళ్లలో క్రానిక్ ట్రామాటిక్ ఎన్‌సెఫలోపతిని, అంటే పదేపదే దెబ్బలు తగిలిన మెదడులో వచ్చే క్షీణతను, గుర్తించినట్టు ప్రకటించారు. ఇంగ్లండ్‌లో మాజీ ఆటగాళ్లు పాలకమండలిపై కోర్టుకెక్కారు. దీంతో సామాజిక స్థాయి మ్యాచ్‌లలో చంక కిందే పట్టాలనే నియమం తెచ్చారు. దీన్ని తిట్టేవారూ ఉన్నారు. ఆటలోని గట్టితనమే పోతుందన్నది వారి బాధ. గట్టితనం చూడటానికి వచ్చేవారు వేరు, తమ బిడ్డను పంపేవారు వేరు. ఈ రెండో రకం వారి మాట ఇంతకాలం ఎవరూ వినలేదు.

ఆస్ట్రేలియాలో కథ కాస్త తిరగబడి ఉంటుంది. అక్కడ నేషనల్ రగ్బీ లీగ్ (ఎన్ఆర్ఎల్) సంపన్నమైన లీగ్. 2024 సీజన్‌ను ఏకంగా అమెరికాలోని లాస్ వెగాస్‌లో మొదలుపెట్టింది. కానీ అబ్బాయిలు పదమూడు, పద్నాలుగేళ్ల వయసులో టాకిల్ ఆట మానేయడం చాలా కాలంగా వేధిస్తున్న సమస్య. ఆ వయసులో ఒకడు పిల్లాడిలా, ఇంకొకడు పెద్దవాడిలా ఉంటాడు. పసిఫిక్ దీవుల మూలాలున్న కుర్రాళ్లు త్వరగా, భారీగా ఎదుగుతారని మిగతా తల్లిదండ్రులు జంకుతారు. దానికి వయసుతోపాటు బరువును కూడా లెక్కలోకి తీసుకునే ప్రయోగాలు జరిగాయి. ఎన్ఆర్ఎల్ ఆటగాళ్లలో ఇప్పుడు దాదాపు సగం మంది పసిఫిక్ మూలాలవారే. ఒకరి భయం ఇంకొకరికి అవకాశమైంది. మొత్తం సంఖ్యలను నిలబెడుతున్నది అమ్మాయిలు, నడుముకు కట్టిన పట్టీ లాగితే సరిపోయే ట్యాగ్ రూపం. మహిళల ఎన్ఆర్ఎల్ 2018లో మొదలైంది.

పిల్లలున్న చోట ఆట ఎలా ఉంటుందో పశ్చిమ సిడ్నీలోని పెన్రిత్ చూపించింది. కార్మిక కుటుంబాలు, వలస కుటుంబాలు నిండిన ఆ శివారులో పిల్లల లీగ్ చాలా పెద్దది. ఆ మైదానాల్లో పెరిగిన కుర్రాళ్లే వెన్నెముకగా పెన్రిత్ పాంథర్స్ 2021 నుంచి 2024 వరకు వరుసగా నాలుగు టైటిళ్లు గెలిచింది.

ఫ్రాన్స్‌ది దీనికి పూర్తి విరుద్ధం. అక్కడ 1934లో మొదలై వేగంగా పెరుగుతున్న ఆటను 1941లో విషీ ప్రభుత్వం నిషేధించి, ఆస్తులు స్వాధీనం చేసుకుంది. యుద్ధం తర్వాత ఆట తిరిగొచ్చినా పేరులో 'రగ్బీ' అనే మాట వాడుకునే హక్కు కోసం 1990ల వరకు ఆగాల్సివచ్చింది. 2025 ప్రపంచకప్ అక్కడ జరగాల్సి ఉండగా, ప్రభుత్వ ఆర్థిక హామీ లేక 2023లో ఫ్రాన్స్ తప్పుకుంది. టోర్నీ 2026కు, దక్షిణార్ధగోళానికి మారింది.

ఆతిథ్యంలో భాగం పంచుకుంటున్న దేశాల్లో పాపువా న్యూగినీ ఒకటి. రగ్బీ లీగ్ జాతీయ క్రీడగా ఉన్న దేశం ప్రపంచంలో అదొక్కటే. ఆ దేశపు జట్టు 2028లో ఎన్ఆర్ఎల్‌లో చేరబోతోంది. అందుకు ఆస్ట్రేలియా ప్రభుత్వం పదేళ్లలో 60 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు ఇస్తోంది. పసిఫిక్‌లో చైనా ప్రభావాన్ని అడ్డుకోవడమే ఆ డబ్బు వెనుక ఉద్దేశమన్నది బహిరంగ రహస్యం. ఫెదర్‌స్టోన్ మైదానాన్ని ఒకప్పుడు టన్ను బొగ్గుపై వసూలైన పెన్నీలు పోషించాయి. పోర్ట్ మోర్స్‌బీ జట్టును ఇప్పుడు ఒక విదేశాంగ విధానం పోషించబోతోంది.