టైపు తేలితేనే సీరం

న్యూమోకాకస్ పాఠానికి నాకెప్పుడూ గంట చాలేది కాదు. పరీక్షకు కావలసింది పది నిమిషాల్లో అయిపోతుంది: జంటలుగా కనిపించే బాక్టీరియా, చుట్టూ క్యాప్సూల్, అది తెచ్చే నిమోనియా. కానీ ఆ క్యాప్సూల్ ఏ రకమో తేల్చడానికి ల్యాబుల్లో జనం రాత్రిళ్లు మేలుకున్న కాలం ఒకటుంది. ఆ సంగతి చెప్పకుండా పిల్లల్ని క్లాసులోంచి పంపడం నాకు మనసొప్పేది కాదు.

న్యూయార్క్‌లో రాక్‌ఫెల్లర్ ఆస్పత్రి 1910లో తెరిచారు. అప్పటికి నిమోనియాకు మందు లేదు. రూఫస్ కోల్ బృందం గుర్రం సీరం మీద ఆశ పెట్టుకుంది. గుర్రానికి బాక్టీరియా ఎక్కిస్తే దాని రక్తంలో యాంటీబాడీలు పుడతాయి, వాటిని రోగికి ఇస్తారు. చిక్కేమిటంటే, ఒక టైపు మీద తయారైన సీరం ఇంకో టైపును ముట్టుకోదు. బెర్లిన్‌లో న్యూఫెల్డ్ ఈ టైపుల తేడాను అప్పటికే పట్టుకున్నాడు. అందుకని రోగి కఫం తీసి చుంచెలుక పొట్టలోకి ఎక్కించేవారు. న్యూమోకాకస్‌కు ఎలుక ఇట్టే లొంగుతుంది, కొన్ని గంటల్లోనే పొట్ట నిండా అదే పెరుగుతుంది. ఆ ద్రవాన్ని ఒక్కో సీరంతో కలిపి చూస్తే టైపు తెలిసేది. ఈలోపు రోగి ఆయాసపడుతూ ఉండేవాడు. 1933లో ఆల్బర్ట్ సేబిన్ నేరుగా కఫంలోనే టైపు చూసే పద్ధతి రాశాడు. సరైన సీరం తగిలితే క్యాప్సూల్ ఉబ్బినట్టు కనిపిస్తుందని న్యూఫెల్డ్ 1902లోనే గమనించాడు, సేబిన్‌కు అదే ఆధారం. తర్వాత పోలియో చుక్కలతో పేరొచ్చిన సేబిన్ ఈయనే.

టైపుకూ టైపుకూ తేడా ఎక్కడుంది? రోగుల రక్తంలో, మూత్రంలో న్యూమోకాకస్ వదిలిన పదార్థం ఒకటి తేలుతోందని అదే ఆస్పత్రిలో డోషే, ఏవరీ 1917లో చూపించారు. అది క్యాప్సూల్ ముక్కే. 1923లో హైడెల్‌బర్గర్, ఏవరీ దాన్ని శుద్ధి చేస్తే చక్కెరల గొలుసుగా తేలింది. ఇంత కచ్చితమైన గుర్తింపు ప్రొటీన్లకే సాధ్యమనుకునే రోజుల్లో ఈ మాట చాలామందికి మింగుడుపడలేదు.

నేను అన్నిటికన్నా ఎక్కువసేపు చెప్పేది రెనే డ్యూబో ప్రయోగం. టైపు 3 కాలనీలు అగర్ మీద బెండకాయ జిగురులా మెరుస్తూ ఉంటాయి. ఆ జిగురును, అంటే క్యాప్సూల్‌ను, తినే సూక్ష్మజీవి నేలలో ఎక్కడో ఉండి తీరాలని నమ్మి, న్యూజెర్సీలో క్రాన్‌బెర్రీ పండే బురదమట్టిలో వెతికి పట్టాడు. దాని ఎంజైమును ఏవరీతో కలిసి 1930లో ఎలుకల మీద పరీక్షించాడు. ఎంజైము బాక్టీరియాను చంపలేదు, క్యాప్సూల్ పొరను మాత్రం ఒలిచింది. మిగతా పని తెల్లరక్తకణాలు చేశాయి, ఎలుకలు బతికాయి. పొర ఉన్నంతసేపూ తెల్లకణం బాక్టీరియాను గట్టిగా పట్టుకోలేదు. బాక్టీరియా మీద కాంప్లిమెంట్ అనే రక్త ప్రొటీన్లు గుర్తుగా అతుక్కున్నా పొర అడుగున ఉండిపోతాయి, కణానికి అందవు. రోగకారక శక్తి ఎక్కడుందో ఇంత సూటిగా చూపిన ప్రయోగాలు తక్కువ.

తర్వాత సల్ఫా మందులు, పెన్సిలిన్ వచ్చాయి. ఏ టైపైనా ఒకే ఇంజెక్షన్ అయినప్పుడు గుర్రాలెందుకు, టైపింగెందుకు? సైనికుల మీద మెక్లౌడ్ జరిపిన పరీక్షలో నెగ్గిన, క్యాప్సూల్ చక్కెరలతో చేసిన టీకా కూడా అడిగేవారు లేక మార్కెట్ నుంచి పోయింది. అది పెద్ద నష్టమే. రాబర్ట్ ఆస్ట్రియన్ బ్రూక్లిన్‌లో రోగుల లెక్కలు తీసి 1964లో చెప్పిందేమిటంటే, బాక్టీరియా రక్తంలోకి చేరిన రోగుల్లో, జబ్బు మొదలైన తొలి ఐదు రోజుల్లో పోయేవాళ్లను పెన్సిలిన్ ఆపలేకపోతోందని. ఆయన పట్టుదల వల్లే 1977లో 14 టైపుల టీకా, 1983లో 23 టైపుల టీకా వచ్చాయి.

యాంటీబయాటిక్‌తో క్యాప్సూల్‌కు ఉన్న లంకె ఆలస్యంగా బయటపడింది. పెన్సిలిన్ తగిలితే న్యూమోకాకస్ తన గోడను తానే కోసుకుని పగిలిపోతుంది. పెరగడం ఆపేసి, పగలకుండా ఉండిపోయే రకాలను అలెగ్జాండర్ టోమాజ్ బృందం 1970లో వర్ణించింది. మందును ఎదిరించడం వేరు, ఇలా ఓర్చుకోవడం వేరు. క్యాప్సూల్ ఉంటే ఈ పగలడం తగ్గుతుందని, పొర లేని తోబుట్టువులు త్వరగా పగులుతాయని 2004లో స్వీడన్, అమెరికా శాస్త్రవేత్తలు చూపారు.

టైపులను ఎంచి చేసే టీకాలు ఇప్పటికీ వస్తున్నాయి: హైదరాబాద్‌లో బయొలాజికల్ ఇ తయారుచేసిన 14 టైపుల టీకాకు 2022లో అనుమతి వచ్చింది. తెలిసిన టైపులు వందకు పైనే. ఏ ఊళ్లో ఏ టైపు తిరుగుతోందో తెలియకుండా టీకాలోకి వేటిని ఎంచుకోవాలో తెలియదు. అందుకే సీరం చుక్కతో క్యాప్సూల్ ఉబ్బు చూసే పని ఇప్పటికీ ల్యాబుల్లో నడుస్తోంది.