మట్టిలేని సేద్యం: నెల్లూరు తీరపు ఇసుక, అభ్రకం, నీరు

1. పరిచయం

గ్రీన్‌హౌస్‌లో మట్టి లేకుండా టమాటా పండించడం నిన్న మొన్నటి సాంకేతికతగా కనిపిస్తుంది. నిజానికి దానికి దాదాపు వందేళ్ల చరిత్ర ఉంది. మట్టికి బదులు వాడే పదార్థాలలో రెండు పూర్వపు నెల్లూరు జిల్లాలోనే దొరుకుతాయి. వనరులు ఉన్నంత మాత్రాన ఈ సేద్యం సాధ్యమవుతుందా? ఈ భాగంలో పరిశీలిద్దాం.

2. పద్ధతి పుట్టుక

1860 ప్రాంతంలో జర్మన్ శాస్త్రవేత్తలు సాక్స్, నాప్‌లు లవణాలు కరిగించిన నీటిలో మొక్కలను పెంచారు. మొక్కకు కావలసింది మట్టి కాదని, మట్టిలోని పోషకాలని దీనితో రుజువైంది. 1929లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన గెరికే దీనిని ప్రయోగశాల దాటించి పంట సాగుగా ప్రతిపాదించాడు. ఆయనకు పేరు తెచ్చిన పంట టమాటాయే. 1937లో 'హైడ్రోపోనిక్స్' అనే పేరు ప్రచారంలోకి వచ్చింది.

మన దేశంలో 1946-47లో షోల్టో డగ్లస్ కాలింపాంగ్‌లో ప్రయోగాలు చేశాడు. రాతిముక్కలు, ఇసుక నింపిన తొట్లలో పొడి ఎరువు చల్లి నీరు పోసే ఈ చౌక విధానానికి 'బెంగాల్ పద్ధతి' అని పేరు.

3. స్థానిక వనరులు

గూడూరు పరిసరాలు అభ్రకపు గనులకు ప్రసిద్ధి. అభ్రకాన్ని పోలిన పొరల ఖనిజం వర్మిక్యులైట్ కూడా ఈ ప్రాంతంలో లభిస్తుంది. బాగా కాల్చితే అది పేలాల్లా ఉబ్బి, నీటినీ పోషకాలనూ పట్టి ఉంచుతుంది. చిల్లకూరు, కోట మండలాల తెల్ల ఇసుక గాజు పరిశ్రమకు ముడిసరుకు. శుభ్రమైన ఇసుకలోనూ పోషకద్రావణంతో మొక్కలు పెంచవచ్చు.

4. అసలు చిక్కు

1990లలో తీరమంతా రొయ్యల చెరువులు వెలిశాయి. పొలాలు, తాగునీటి బావులు ఉప్పుబారాయన్న ఫిర్యాదులు సుప్రీంకోర్టుకు చేరాయి. వ్యవసాయ భూములను రొయ్యల చెరువులుగా మార్చరాదని 1996 డిసెంబరు 11న కోర్టు తీర్పు చెప్పింది.

నేల చెడినచోట మట్టిలేని సేద్యమే మార్గమని తోచవచ్చు. ఇది సగమే నిజం. తొట్టెలోని మాధ్యమం నేల ఉప్పును తప్పిస్తుంది కాని నీటి ఉప్పును తప్పించలేదు. బోరు నీరు ఉప్పనైతే ఎరువు కలిపినకొద్దీ లవణాలు పెరిగి టమాటా దిగుబడి పడిపోతుంది. అందుకే ఇక్కడ పాలీహౌస్ కప్పు మీద పడే వాన నీటిని నిల్వచేయడం సాగులో మొదటి మెట్టు. ఎండకాలపు వేడికి పూత రాలుతుంది. తుఫాను గాలికి కప్పే లేచిపోవచ్చు. పెట్టుబడి లేని చిన్న రైతుకు ఈ రెండూ భారమే.

5. సారాంశం

మట్టిని వదిలినా నీటిని వదలలేం. తీరప్రాంత సేద్య చరిత్ర చెప్పే పాఠం ఇదే.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. బెంగాల్ పద్ధతి ప్రత్యేకత ఏమిటి?
2. ఉప్పుబారిన తీరంలో మట్టిలేని సేద్యానికి గల పరిమితులను వివరించండి.