అరువు యాస: 'అపూ' పాత్ర, అధిక్షేపపు హద్దులు

అమెరికాలో 'ది సింప్సన్స్' అనే యానిమేషన్ హాస్య ధారావాహిక 1989 డిసెంబరులో ఫాక్స్ టెలివిజన్‌లో ప్రారంభమైంది. కుటుంబం, పాఠశాల, చర్చి, పోలీసు, రాజకీయం, వీటిలో దేనినీ వదలకుండా అధిక్షేపించడం వల్ల దానికి పేరు వచ్చింది. అందులో 1990 ఫిబ్రవరిలో తొలిసారి కనిపించిన అపూ నహాసపీమపెటిలాన్ భారతదేశం నుంచి వలస వచ్చిన దుకాణదారు. పాత్ర పేరు సత్యజిత్ రాయ్ చలనచిత్ర త్రయం నుంచి తీసుకున్నది. గొంతు మాత్రం హాంక్ అజారియా అనే శ్వేతజాతి అమెరికన్ నటుడిది. మూసచిత్రణను అధిక్షేపం ఎంతవరకు సమర్థించగలదన్న ప్రశ్నకు ఈ పాత్ర చరిత్ర మంచి ఆకరం.

ఒక జాతివాడు మరొక జాతి వేషం కట్టి నవ్వించడం అమెరికన్ ప్రదర్శన కళలో పాత సంగతి. 1830లలో థామస్ డి. రైస్ ముఖానికి మసి పూసుకొని 'జిమ్ క్రో' పాత్రను ప్రదర్శించి ప్రసిద్ధుడయ్యాడు. తర్వాతి కాలంలో నల్లజాతివారిని వేరుచేసిన చట్టాలకు ఆ పాత్ర పేరే స్థిరపడింది. భారతీయుడి వేషానికి ఇరవయ్యో శతాబ్దంలో ప్రసిద్ధమైన ఉదాహరణ 1968 నాటి 'ది పార్టీ' చిత్రం. బ్రిటిష్ నటుడు పీటర్ సెల్లర్స్ అందులో ముఖానికి గోధుమరంగు పూసుకొని భారతీయుడిగా నటించాడు. అపూ గొంతుకు సెల్లర్స్ నటన ఒక ఆధారమని అజారియా స్వయంగా చెప్పాడు. కనుక అపూ పలికేది ఏ బెంగాలీవాడి ఇంగ్లీషో, తెలుగువాడి ఇంగ్లీషో కాదు. అది అనుకరణకు అనుకరణ. యానిమేషన్‌లో రంగు వేసే పని చిత్రకారుడిది కాబట్టి నటుడి వేషం గొంతులోకి మారింది. బహుశా అందువల్లనే చాలాకాలం అది వేషంగా కనబడలేదు.

అపూ పాత్రలో నిజమైన అధిక్షేపం లేదనడం అన్యాయం. 1994లో కాలిఫోర్నియా ఓటర్లు అనుమతి పత్రాలు లేని వలసదారులకు ప్రభుత్వ సేవలు నిరాకరించే 187వ ప్రతిపాదనను ఆమోదించారు. 1996 మేలో ప్రసారమైన ఒక భాగం ఆ వాతావరణాన్నే ఎత్తిచూపింది. పన్నుల మీద జనాగ్రహాన్ని తప్పించుకోవడానికి మేయరు నెపాన్ని వలసదారుల మీదికి నెడతాడు. అపూ కంప్యూటర్ శాస్త్రంలో డాక్టరేటు చేసినవాడనీ, విద్యార్థి వీసా గడువు దాటి ఉండిపోయాడనీ అప్పుడు తెలుస్తుంది. భయంతో అతడు దొంగ పత్రాలు కొని, టోపీ పెట్టుకొని, యాస మార్చి అమెరికన్‌గా చలామణి కాబోతాడు. చివరకు తన మూలాలను దాచుకోలేక కుమిలిపోతాడు.

ఈ భాగాన్ని ధారావాహిక అభిమానులు సమర్థనగా చూపుతారు. కాని సమస్య కూడా ఇక్కడే బయటపడుతుంది. కథలో అపూ అమెరికన్ యాసను నటిస్తున్నప్పుడు, ఆ గొంతునిస్తున్న నటుడు తన సహజమైన ఉచ్చారణకు దగ్గరగా ఉన్నాడు. అపూ తన 'మూలాలకు' తిరిగివచ్చినప్పుడు నటుడు మళ్లీ వేషంలోకి వెళ్లాడు. రచన వలసదారు పక్షాన నిలబడింది, గొంతు నిలబడలేదు.

కథ ఒక్కరోజు ప్రసారమై ముగుస్తుంది. యాస మాత్రం బడి ఆవరణలోకి వెళ్తుంది. ఉద్దేశానికీ గ్రహింపుకూ మధ్య ఈ దూరం అంతకుముందే పరిశోధనకు అందింది. జాతి దురభిమానిని ఎగతాళి చేయడానికి 1971లో మొదలైన 'ఆల్ ఇన్ ది ఫ్యామిలీ' ధారావాహికను నీల్ విద్మార్, మిల్టన్ రోకీచ్ అధ్యయనం చేశారు. దురభిమానం గల ప్రేక్షకులు ఆర్చీ బంకర్‌ను తమవాడిగానే భావిస్తున్నారని 1974లో ప్రకటించారు. తెలుగు చలనచిత్రాలలో తెలంగాణ మాండలికం చాలాకాలం హాస్యగాళ్లకూ ప్రతినాయకులకూ పరిమితమైందన్న విమర్శ ఎరిగిన పరిశోధకులకు ఇది కొత్తగా తోచదు.

అపూ యాసను బడిలో భరించిన తరం తరఫున మాట్లాడినవాడు తెలుగు తల్లిదండ్రులకు న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో జన్మించిన హాస్య కళాకారుడు హరి కొండబోలు. 2017 నవంబరులో ప్రసారమైన అతని డాక్యుమెంటరీ 'ది ప్రాబ్లమ్ విత్ అపూ' దక్షిణాసియా సంతతి నటుల అనుభవాలను నమోదు చేసింది. ధారావాహికలో స్కాట్లాండ్ తోటమాలి విల్లీ, ఇటాలియన్ వంటవాడు లుయీజీ కూడా మూసపాత్రలే కదా అన్న వాదం బలమైనదిగా కనిపిస్తుంది. అయితే తెల్లవారికి అదే తెరమీద వందలాది ఇతర రూపాలున్నాయి. 1990లలో అమెరికన్ టెలివిజన్‌లో భారతీయ సంతతి పిల్లలకు దాదాపు అపూ ఒక్కడే దిక్కు. అసంఖ్యాకమైన స్వీయచిత్రాల మధ్య జీవించే భారతదేశంలోని ప్రేక్షకుడికి ఈ ఒంటరితనం సులభంగా బోధపడదు.

2018 ఏప్రిల్‌లో ధారావాహిక జవాబిచ్చింది. ఒకప్పుడు మెప్పు పొందినది ఇప్పుడు తప్పుగా మారితే ఏం చేయగలమన్న భావంతో లీసా అపూ చిత్రపటం వైపు చూస్తుంది. ధారావాహికలో నైతిక వివేచనకు ప్రతినిధి లీసా. ఆ మాట ఆమె చేత పలికించడం శోచనీయం. అందరినీ ఆత్మపరీక్షకు పిలిచిన రచన తన వంతు వచ్చేసరికి భుజాలు ఎగరేసింది.

2020 జనవరిలో అజారియా ఆ గొంతును విరమించుకున్నాడు. శ్వేతేతర పాత్రలకు ఇక శ్వేతజాతి నటులు గొంతునివ్వరని అదే ఏడాది జూన్‌లో నిర్మాతలు ప్రకటించారు. 2021లో అజారియా బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. పాత్రను తొలగించాలని కొండబోలు కోరలేదు. అయినా ఆ తర్వాత అపూకు కొత్త కథ గాని, భారతీయ సంతతి నటుడి గొంతు గాని దక్కలేదు. గుంపు దృశ్యాలలో మాటలేని బొమ్మగా నిలబడ్డాడు.