గీతను ఎక్కడ మొదలుపెట్టాలి?

గీత చదవాలని కూర్చున్నవాళ్లు మామూలుగా మొదటి అధ్యాయం తెరుస్తారు. వీరుల పేర్లు, శంఖాల పేర్లు దాటకముందే చాలామంది పుస్తకం మూసేస్తారు. వాళ్లను తప్పుపట్టలేం. ఇప్పుడు దొరికే వ్యాఖ్యానాల్లో అతి పాతదైన శంకర భాష్యం కూడా అక్కడ ఆగలేదు. రెండో అధ్యాయం పదో శ్లోకం దాకా ఉన్నదంతా శోకమోహాల పుట్టుక చూపడానికేనని క్లుప్తంగా చెప్పి, కృష్ణుడు బోధ అందుకున్న పదకొండో శ్లోకం నుంచి శంకరులు అసలు వ్యాఖ్య మొదలుపెట్టారు.

భారతం వినేవాడికి ఈ చిక్కు లేదు. భీష్మపర్వంలో సంజయుడు ముందుగా భీష్ముడు కూలిన వార్త తెస్తాడు. ధృతరాష్ట్రుడు విలపించి, యుద్ధం ఎలా సాగిందని అడిగాకే గీత వస్తుంది. ఏం జరగబోతోందో తెలిసి వింటున్నవాడికి అర్జునుడి వణుకు ఊరికే పిరికితనంలా తోచదు. తెలుగులో మనకు ఆ అవకాశం పూర్తిగా దక్కలేదు. తిక్కన ఈ 700 శ్లోకాలను కొద్ది పద్యాల్లోకి కుదించాడు. కథ నడక చెడకూడదనుకున్నాడని నా ఊహ.

వైష్ణవంలో యామునాచార్యులు గీత మొత్తాన్నీ 32 శ్లోకాల ‘గీతార్థ సంగ్రహం’లో ఇమిడ్చారు. ఆరేసి అధ్యాయాల మూడు షట్కాలు: మొదటిది కర్మ జ్ఞాన యోగాలకు, నడిమిది భక్తికి, చివరిది వాటి వివరణకు. రామానుజ భాష్యం ఆ బాటలోనే నడిచింది. కొత్తగా చదివేవారికి ఇంతకంటే మంచి దారి నాకు కనబడలేదు.

1785లో చార్లెస్ విల్కిన్స్ ఇంగ్లీషు అనువాదం లండన్‌లో అచ్చయింది. భారతం పక్కన లేకుండా, గురువు ఎదుట లేకుండా గీత చదవడం అలవాటైంది. గాంధీ గీతను మొదట లండన్‌లోనే, ఎడ్విన్ ఆర్నాల్డ్ ఇంగ్లీషులో చదివారు. ఆయనకూ రెండో అధ్యాయమే పట్టుబడింది. దాని చివరి 19 స్థితప్రజ్ఞ శ్లోకాలు ఆశ్రమ ప్రార్థనలో చేరాయి. మాండలే జైల్లో తిలక్ రాసిన ‘గీతారహస్యం’ 1915లో వెలువడింది. సన్యాసం కాదు, కర్మయోగమే గీత సారమని శంకరులతోనే వాదానికి దిగింది. 1932లో ధూళే జైల్లో వినోబా తోటి ఖైదీలకు చెప్పిన ప్రసంగాలు మాత్రం అందరూ దాటేసే అర్జున విషాదం దగ్గరే మొదలయ్యాయి. జైల్లో వినేవాళ్లకు అది దాటేయాల్సిన భాగం కాదు మరి.

మన దగ్గర ఏర్పేడు వ్యాసాశ్రమంలో మలయాళ స్వామి కులం, స్త్రీ పురుష భేదం చూడకుండా వేదాంతం బోధించారు. ఆయన శిష్యులు విద్యాప్రకాశానందగిరి స్వామి రాసిన ‘గీతామకరందం’ సంస్కృతం రానివాళ్ల ఇళ్లకూ చేరింది. చదవనివాళ్లకు 1974లో పోయిన గాయకుడు ఘంటసాల గొంతు గీత రికార్డుగా చేరింది. ఏరిన కొన్ని శ్లోకాలు, వెంటనే తెలుగు తాత్పర్యం. చావు జరిగిన ఇంట అదే మోగడం అలవాటై, మామూలు రోజున ఆ రికార్డు పెడితే కసిరే పెద్దలు తయారయ్యారు.

పిల్లలకు నేర్పేవాళ్లు ఇవేవీ పట్టించుకోరు. ఇరవయ్యేసి శ్లోకాలున్న 12, 15 అధ్యాయాలు ముందు కంఠస్థం చేయిస్తారు. చిన్నవి, నోరు తిరుగుతాయి. పైగా పదిహేనోది భోజనానికి ముందు చదివే ఆచారం కూడా ఉంది.