కంచంలోని అన్నం, కణంలోని జన్యువు

మధుమేహం కూడా కలిసి ఉన్న ప్రమేహ రోగాన్ని సుశ్రుత సంహిత రెండుగా విడదీసింది. తల్లిదండ్రుల బీజదోషం వల్ల వచ్చేది సహజం, పథ్యం తప్పిన తిండి వల్ల వచ్చేది అపథ్యనిమిత్తం. మొదటి రకం రోగి బక్కగా, రెండో రకం రోగి లావుగా ఉంటాడని కూడా చెప్పింది. అంత పాత కాలానికి ఇది సూక్ష్మమైన పరిశీలనే. అయితే ఆ రెండు కారణాలూ ఒకే మనిషిలో కలిసి ఎలా పనిచేస్తాయన్నది ఇరవయ్యో శతాబ్దం దాకా తేలని సంగతి.

1962లో అమెరికా జన్యుశాస్త్రవేత్త జేమ్స్ నీల్ ఒక జవాబు ప్రతిపాదించారు. మధుమేహం ఇంత చేటు చేసేదైతే, దానికి దారితీసే జన్యువులు తరతరాల వడపోతలో ఎందుకు మాసిపోలేదన్నది ఆయన సందేహం. ఒకనాడు అవి మేలు చేసి ఉండాలి. దొరికిన రోజున తిన్నది కొవ్వుగా దాచుకోగల శరీరం కరువును తట్టుకుంటుంది. రోజూ కడుపు నిండే కాలంలో ఆ గుణమే రోగమవుతుంది. ‘పొదుపు జన్యువు’ అనే ఈ ఊహ, అలాంటి జన్యువు ఒక్కటీ చేతికి చిక్కకముందే ఊరూరా పాకింది.

అరిజోనా ఎడారిలో గీలా నది ఒడ్డున ఉండే పీమా జనాన్ని దీనికి ఉదాహరణగా చూపేవారు. కాలువలు తవ్వుకుని మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించిన రైతులు వాళ్లు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఎగువన స్థిరపడిన వలసదారులు నీటిని మళ్లించుకోవడంతో పొలాలు ఎండిపోయాయి. ఆ తర్వాత ప్రభుత్వం ఇచ్చే పిండి, పందికొవ్వు, చక్కెరల మీద బతుకులు నడిచాయి. 1965లో మొదలైన దీర్ఘకాల అధ్యయనంలో 35 ఏళ్లు దాటినవారిలో సుమారు సగం మందికి మధుమేహం ఉన్నట్టు తేలింది. పీమాల మీద వచ్చిన రచనల్లో జన్యువు ముందుకొచ్చి, పోయిన నది చాలాసార్లు వెనకే ఉండిపోయింది. మెక్సికోలోని మైకోబా కొండల్లో అదే మూలాలున్న మరో పీమా సమూహం ఒంటి కష్టంతో సేద్యం చేసుకుంటూ ఉంది. 2006లో వెలువడిన పోలిక ప్రకారం మధుమేహం అమెరికా పీమాలలో 38 శాతం, మెక్సికో పీమాలలో 6.9 శాతం. ఆ కొండల్లోనే ఉండే ఇతర మెక్సికన్లకూ వీరికీ చెప్పుకోదగ్గ తేడా లేదు.

తిండి ఒక్కటే అయినా ఒళ్లు ఒకేలా పెరగదని కెనడాలో క్లాడ్ బూషార్ 1990లో చూపారు. 12 జతల ఏకరూప కవలలకు 84 రోజులపాటు రోజుకు 1,000 కిలోకేలరీలు అదనంగా పెట్టారు. ఒకరు 4.3 కిలోలు పెరిగితే మరొకరు 13.3 కిలోలు పెరిగారు. ఒకే జతలోని అన్నదమ్ములు మాత్రం దాదాపు ఒకరి వెంట ఒకరు పెరిగారు.

1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లావు ఎలుకల్లో, ఆకలిని అదుపు చేసే లెప్టిన్ హార్మోన్ జన్యువును పట్టుకోవడంతో మందు దొరికినట్టేనన్న ఆశ కలిగింది. లెప్టిన్ లోపంతో పుట్టిన అరుదైన పిల్లలకు లెప్టిన్ మందుగా బాగా పనిచేసింది. మామూలు స్థూలకాయులకు అంతగా ఉపయోగపడలేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో కూడా స్థూలకాయపు ఎలుకల జాతి ఒకటి దానంతటదే పుట్టుకొచ్చింది. అయితే మనుషుల్లో ఎక్కువమందికి ఇలా ఒక్క జన్యువు చెడడం వల్ల ఒళ్లు రాదు. 2007లో బయటపడిన ఎఫ్‌టీఓ జన్యురూపం రెండు ప్రతులూ ఉన్నవారు, అసలే లేనివారికంటే సగటున 3 కిలోల బరువెక్కువ, అంతే. ఇప్పుడు అలాంటి స్థానాలు వందల్లో తెలుసు. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ కుటుంబాలను పరిశీలించినప్పుడు ఇంకో విశేషం బయటపడింది: ఎఫ్‌టీఓకూ బరువుకూ ఉన్న సంబంధం 1942 తర్వాత పుట్టినవారిలోనే కనబడింది. అంతకుముందు పుట్టినవారిలోనూ ఆ జన్యువు ఉంది, దాని ప్రభావం మాత్రం కనబడలేదు.

ఈలోగా 1992లో ఇంగ్లండ్‌లో నికొలస్ హేల్స్, డేవిడ్ బార్కర్ వేరే దారి చూపారు. గర్భంలో తిండి చాలని శిశువు శరీరం కొరతకు తగ్గట్టు మలచుకుంటుందని, పెద్దయ్యాక తిండి పుష్కలమైతే అదే మధుమేహానికి దారితీస్తుందని వారి వాదన. జన్యువులు మారకుండానే తల్లి తిన్న తిండి బిడ్డ శరీరంలో ముద్ర వేస్తుందన్న మాట. భారతీయుల విషయంలో ఇది బాగా అతికింది. పుణెలో చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం కొలిచిన శిశువులు సగటున 2.7 కిలోలు, ఇంగ్లండ్ శిశువులు 3.5 కిలోలు. మన బిడ్డల్లో కండ, అవయవాలు తగ్గినంతగా చర్మం కింది కొవ్వు తగ్గలేదు. 2004లో యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్‌కిన్ పక్కపక్కన నిలబడిన ఫోటో ‘లాన్సెట్’లో వచ్చింది. ఇద్దరి బీఎంఐ (ఎత్తుతో పోల్చిన బరువు సూచిక) 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్‌కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. ఆసియా వాసుల్లో బీఎంఐ 23 నుంచే జాగ్రత్త అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు అదే ఏడాది సూచించారు.

గర్భిణుల తిండి మారిస్తే పిల్లల ఆరోగ్యం మారుతుందా? దీనికి అరుదైన ఆధారం హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల నుంచే వచ్చింది. 1987-90 మధ్య 15 ఊళ్లలో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా పిండితో ఉప్మా వండిపెట్టారు. మరో 14 ఊళ్లలో ఆ పథకం అప్పటికింకా అందలేదు. ఆ పిల్లలు కౌమారంలోకి వచ్చాక కొలిచి చూస్తే, ఉప్మా అందిన ఊళ్లవారు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు. వారిలో ఇన్సులిన్ నిరోధకత సుమారు 20 శాతం తక్కువ, రక్తనాళాల బిరుసూ తక్కువే. ఒంటి కొవ్వులో మాత్రం రెండు వర్గాలకూ పెద్ద తేడా కనబడలేదు.